మూడో మెషిను బొట్టు

భవాని అందించిన తెల్లసూటు రాజారావుకి చీలమండల దగ్గర బెత్తెడు పొట్టిదైంది. బల్లమీద కూర్చుని కిందికి లాగాడు. లాగితే భుజాల దగ్గర పట్టేసింది.

"ఇది నా సైజు కాదమ్మా" అన్నాడు.

"నాకేం ఎరికె సారు? అన్నీ ఒక్కతీర్గనే ఉన్నయ్" అంది భవాని. ఆమె క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే మనిషి. మంగళవారం నాడు తెచ్చి ఈ గదిలో నిలబెట్టారు. నూట పది సూట్లలో ఏది ఎవరిదో నాలుగు రోజుల్లో ఎలా తెలుస్తుంది? పాపం, ఉన్నమాటే అంది.

సూట్లు అందించడం, లోపల నేల తుడవడం మల్లవ్వ పనిగా ఉన్నన్నాళ్ళూ ఈ బాధ లేదు. మనిషి తలుపు తోసుకుని వస్తుంటేనే అరలో చెయ్యిపెట్టి సూటు తీసి బల్లమీద ఉంచేది. ఆమెకి చదువు రాదు. మెడ దగ్గర కుట్టిన నంబర్లు ఆమెకి ఉత్త గీతలు. అయినా ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఒకరిది ఇంకొకరికి ఇవ్వలేదు. "నువ్వు పొడుగు సారు, జెర కుడి భుజం వంగుతది నీకు" అని ఒకరోజు రాజారావుకి మొహంమీదే చెప్పింది. ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకుంటే నిజంగానే వంగి ఉంది. యాభై ఏడేళ్ళు మోసుకు తిరిగిన భుజం సంగతి అతనికీ తెలియదు, ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన నాగేశ్వరికీ తెలియదు. మల్లవ్వకి తెలిసింది.

సరే, ఆ పొట్టి సూటే తొడుక్కున్నాడు. ముందు జుట్టుమీద టోపీ, తర్వాత ముక్కూ నోరూ మూసే గుడ్డ, దానిమీద భుజాల దాకా దిగే ముసుగు, ఆపైన సూటు, మోకాళ్ళ దాకా బూట్లు, చివరికి రెండు జతల గ్లౌజులు. అన్నీ అయ్యాక మనిషిలో కళ్ళు తప్ప ఏమీ మిగలవు. ఆరేళ్ళుగా ఈ బట్టల్ని తిట్టుకోని రోజు లేదు. ఉక్క, దురద, ముక్కు గోక్కోవడానికి ఉండదు. ఈ వారం మాత్రం వీటిని తొడుక్కోగానే ప్రాణం కుదుటపడుతోంది. మొహం ఎవరికీ చూపించనక్కర్లేని ఉద్యోగం ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది!

పొద్దున కూడా అతను మెయిన్ గేటు నించి రాలేదు. కిష్టారెడ్డిపేట నించి బండిమీద వచ్చి, కంపెనీ చుట్టూ తిరిగి, లారీలు వచ్చే వెనక గేటు నించి దూరాడు. మంగళవారం నించీ అంతే. మెయిన్ గేటు పక్కన సిమెంటు బల్లమీద మల్లవ్వ కూర్చుని ఉంటుంది కదా, అందుకు. విచారణ తేలేదాకా లోపలికి రావద్దన్నారు, హాజరు పోకూడదంటే గేటు దగ్గర ఉండమన్నారు. ఆమె పొద్దున ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం దాకా ఆ బల్లమీద కూర్చుంటోంది. దొంగతనం చేసినవాళ్ళని కూడా అలా కూర్చోబెట్టరు.

గాలి కొట్టే గదిలో నిలబడి, చేతులు పైకెత్తి ఒక చుట్టు తిరిగాడు. నాలుగు వైపుల నించీ గాలి ఒంటిమీద దుమ్ము దులిపింది. ఇరవై సెకన్లకి అవతలి తలుపు తెరుచుకుంది. లోపలికి నడిచాడు.

ఇస్నాపూర్ దాటాక, రంగుల కంపెనీకీ మందుల కంపెనీకీ మధ్య ఉన్న ఈ షెడ్డులో కంప్యూటర్ చిప్పులు తయారవుతాయని బయట చెప్పుకుంటారు. సగమే నిజం. చిప్పు పుట్టేది ఎక్కడో సముద్రాల అవతల. ఇసుకని కరిగించి, సిలికాన్ తీసి, దాన్ని పల్చటి పళ్ళాలుగా కోసి, ఒక్కో పళ్ళెం మీద కంటికి కనపడని గీతలు వెలుతురుతో గీస్తారు. ఆ గీతలే లెక్కలు చేస్తాయి. ఇక్కడికి వచ్చేసరికి అది అద్దంలా మెరిసే పళ్ళెం, అంతే. దాన్ని కందిబద్దంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ రాగి చట్రంమీద అతికించి, తలవెంట్రుకలో మూడోవంతు లావుండే బంగారు తీగతో ముక్కనీ చట్రాన్నీ కలిపి కుట్టి, పైన నల్లటి ముద్దపోసి మూసేయడం ఇక్కడి పని. కుట్టు సరిగా పడితే అది ప్రాసెసరు. తీగ కింద దుమ్ము కణం ఒక్కటి ఇరుక్కుందా, చెత్తబుట్టే. అందుకే ఈ ముసుగులు, ఈ గాలి, ఈ తతంగమంతా.

రాజారావు షిఫ్ట్ ఇన్‌చార్జి. పేరు పెద్దది గానీ, పని మెషిన్ల మధ్య తిరగడం, చెవిపెట్టి వినడం. తీగ కుట్టే మెషిన్లు మూడు. ఒకటీ రెండూ పాతవి. మూడోది సెప్టెంబరులో చెక్కపెట్టెలో వచ్చింది. సెకనుకి పదిహేను కుట్లు వేస్తుంది. పని చేస్తుంటే చిన్న పిట్ట గింజలు పొడుస్తున్నట్టు టకటకమని చప్పుడు. ఆ చప్పుడులో తేడా వస్తే, తెరమీద ఎర్రలైటు వెలగకముందే రాజారావుకి తెలిసిపోతుంది. ఇవాళ చప్పుడు బాగుంది. మంగళవారం నించీ బాగానే ఉంది. ఆ బాగుండటమే అతన్ని కోసేస్తోంది.

ఎందుకో చెప్పాలంటే పోటీ సంగతి చెప్పాలి. పైన ఎక్కడో రెండు పెద్ద చిప్పుల కంపెనీలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎవరి ప్రాసెసరు ముందు బజారుకి వస్తే, ఎవరిది తక్కువ కరెంటు తాగితే వాళ్ళదే రాజ్యం. వాళ్ళలో ఒకరు తమ చిప్పులకి తీగలు కుట్టే పని ఈ చుట్టుపక్కల ఇస్తామన్నారు. ఇవ్వాల్సింది ఒకరికే. పోటీకి దిగింది ఇద్దరు: వీళ్ళూ, పాశమైలారం వైపున్న నీలం చొక్కాల కంపెనీ. మూడు నెలలు ఇద్దరికీ మచ్చు పని ఇచ్చారు. వెయ్యి చిప్పులకి ఎన్ని చెడుతున్నాయో రోజూ పంపాలి. ఆఖరి మూడు రోజుల లెక్కలో ఎవరివి తక్కువ చెడితే పని వాళ్ళది. ఇవాళ శుక్రవారం, ఇవాళే తేలుతుంది.

అంతే, ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ దుకాణాలు రెండుగా చీలిపోయాయి. ఒకే కిరాయి గదిలో పడుకునే కుర్రాళ్ళు కూడా ఒకడిది ఈ కంపెనీ బూడిద చొక్కా, ఒకడిది నీలం చొక్కా అయితే మాట్లాడుకోవడం మానేశారు. "మాకు ఐదు కొత్త మిషన్లు వచ్చినయ్, మీకు ఒక్కటేనంట గద?" అని నీలం చొక్కా వాళ్ళు ఎకసెక్కం చేసేవారు. రాజారావు వినీ విననట్టు చాయ్ తాగేవాడు గానీ లోపల మండేది. జీవితంలో ఏ పోటీలోనూ దిగని మనిషి. ఈ పోటీ మాత్రం తనదే అనుకున్నాడు.

అతని తండ్రి తణుకు దగ్గర పల్లె నించి ప్రభుత్వ ప్లాంటులో టర్నరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. రాజారావు ఐటీఐ చేశాడు. ప్లాంటులో ఉద్యోగం వస్తుందని ఆరేళ్ళు చూశాడు, రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీలో పదిహేడేళ్ళు చేశాడు, అది మూతపడింది. పంపుల కంపెనీలో కొన్నాళ్ళు, తర్వాత ఇక్కడ. ఎక్కడ చేసినా అతనిమీద ఒక్క ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఎందుకుంటుంది? చెప్పింది చేసేవాడు, చెప్పనిది చేసేవాడు కాదు. ఏ కాగితం మీదైనా రెండో సంతకం అతనిది. మొదటి సంతకం ఎవరిదైతే వాళ్ళకే మాట వచ్చేది, వాళ్ళకే మెప్పూ వచ్చేది.

ఎవరూ చెప్పకుండా, తనంతట తాను, ధైర్యం చేసి చేసిన పని మొత్తం ఉద్యోగంలో ఒక్కటే. దసరాకి చేశాడు.

ఆయుధపూజ నాడు కంపెనీలో పూజ బయటే జరిగింది. జనరేటరుకి బొట్టు పెట్టారు, బస్సులకి పెట్టారు, చివరికి సెక్యూరిటీ వాళ్ళ సైకిలుకీ పెట్టారు. లోపలి మెషిన్లకి మాత్రం పెట్టకూడదు. రూలు. ఆ రూలు రాసిన కాగితం మీద కూడా రెండో సంతకం రాజారావుదే. కానీ ఆ రోజు మనసు ఒప్పుకోలేదు. చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకుని ప్లాంటుకి వెళితే, లేతు మెషిన్లన్నీ కడిగి పసుపూ కుంకుమా పెట్టి బారులు తీర్చి ఉండేవి. ఏడాది పొడుగునా ఆ లేతుని బూతులు తిట్టే తండ్రి, ఆ ఒక్కరోజు దానికి చేతులు జోడించేవాడు. అలాంటిది, కంపెనీ పరువంతా మోస్తున్న మూడో మెషినుకి బొట్టు లేదు, పనికిమాలిన సైకిలుకి ఉందా?

నాగేశ్వరిని అడిగితే కాగితంలో చిటికెడు పసుపు మడిచి ఇచ్చింది. దాన్ని లోపలి గ్లౌజులో దాచుకుని వెళ్ళాడు. మూడో మెషిను వెనక, గాలి పీల్చుకునే ఫ్యాను జాలీ కింద, నేలకి వంగితే తప్ప కనబడని చోట, గ్లౌజులో పట్టిన చెమటకే వేలి కొసన తడిచేసి శనగగింజంత బొట్టు పెట్టాడు. కళ్ళు మూసుకుని "తల్లీ, నువ్వే దిక్కు" అనుకున్నాడు. ఆ రోజంతా సంబరంగా ఉంది. పిల్లాడిలా లోలోపల నవ్వుకున్నాడు.

తడి ఆరింది. ఆరిన పసుపు పొడిగా రాలింది. ఫ్యాను దాన్ని లోపలికి పీల్చింది. ముప్ఫై రెండేళ్ళు మెషిన్లతో బతికిన మనిషికి ఈ మాత్రం తట్టలేదంటే ఏమనాలి!

నవంబరులో చిప్పులు చెడటం మొదలైంది. వెయ్యికి మూడు చెడేవి, పంతొమ్మిదికి వెళ్ళాయి. మైక్రోస్కోపు కింద తీగ కింద ఏదో పచ్చటి మచ్చ. నీలం చొక్కాల వాళ్ళు ముందుకి పోయారు. క్వాలిటీ చూసే రమ్యశ్రీ ఆ మచ్చల్ని ల్యాబుకి పంపింది. మొన్న సోమవారం మీటింగులో రిపోర్టు చదివి, తనే నమ్మలేనట్టు తలెత్తి, "పసుపు సార్. వంటింట్లో వాడే పసుపు" అంది.

ముందు అందరూ నవ్వారు. "పోపు డబ్బ గిట్ల తెచ్చిండ్రా ఎవరన్న?" అన్నారెవరో. మళ్ళీ నవ్వు. రాజారావు చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. ఆ నవ్వు విని మూసేశాడు. ఇరవై అయిదేళ్ళ ఇంజనీర్లు, తనని "గురువుగారూ" అని పిలిచే పిల్లలు, ఇంత ఖరీదైన మెషినుకి పసుపు పూసిన ముసలాడని నవ్వుతారు. ఉద్యోగం పోతుందన్న భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆ సిగ్గే.

ఇంతలో ఎవరో "మల్లవ్వ కాళ్ళకి పసుపు రాసుకుంటది కదా" అన్నారు. నవ్వు ఆగిపోయింది. అద్దం గోడ అవతల మల్లవ్వ సూట్లు మడతలు పెడుతోంది. అందరూ అటు తిరిగి ఆమె కాళ్ళకేసి చూశారు. యాభై దాటిన ఆడమనిషి, శుక్రవారం శుక్రవారం పాదాలకి పసుపు రాసుకుంటుంది, సోమవారానికీ ఆ ఛాయ పోదు. అందరితోపాటు రాజారావు కూడా చూశాడు. ఏమీ తెలియనివాడిలా, అప్పుడే తట్టినవాడిలా చూశాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతోంది.

ఆమెని వెంటనే గేటు దగ్గరికి పంపారు. ఆ సాయంత్రమే రాజారావు స్పిరిటు గుడ్డతో మూడో మెషిను వెనక బొట్టు ఆనవాలు లేకుండా తుడిచేశాడు, ఫ్యాను విప్పి కడిగాడు. మంగళవారం నించి మళ్ళీ వెయ్యికి మూడు. మేనేజరు ప్రవీణ్‌కుమార్ బోర్డుమీద గీత గీసి చూపించాడు: "చూశారా, మనిషిని తీశాం, మరక పోయింది. ఇంతకంటే రుజువేం కావాలి?"

తను తప్పు దిద్దుకున్నాననుకున్నాడు రాజారావు. ఆ దిద్దుబాటే మల్లవ్వమీద సాక్ష్యం చెప్పింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో డబ్బా విప్పేసరికి నాగేశ్వరి ఫోను.

"ఇవాళేగా తేలేది? నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదండీ."

"ఇంకా ఏం చెప్పలేదు."

"మనకే వస్తుంది చూడండి. మనం పెట్టిన బొట్టు ఊరికే పోతుందా? ఇంతకీ ఉందా ఇంకా, చెరిగిపోయిందా?"

"ఉంది" అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు. నాలుగు రోజుల్నించీ అబద్ధం దానంతట అదే వస్తోంది.

"ఏంటి, గొంతు అలా ఉంది? తిన్నారా?"

"తింటున్నా, పెట్టెయ్" అన్నాడు. దొండకాయ వేపుడు. పసుపు కాస్త ఎక్కువ పడింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రెండోది కలిపి డబ్బాలోనే వదిలేశాడు. పక్క బల్ల దగ్గర కుర్రాళ్ళు ఎవడిదో డబ్బా చూసి, "అరే, కూరల పసుపు ఉన్నది, నిన్ను గూడ గేటు కాడ కూసోవెడ్తరు" అని పగలబడి నవ్వారు. మల్లవ్వమీద నవ్వారు. తన మీద పడాల్సిన నవ్వది. డబ్బా మూసేసి లేచాడు.

రెండున్నరకి షెడ్డులో ఒక్కసారిగా ఈలలు. పని వచ్చింది. నీలం చొక్కాల మీద వెయ్యికి ఒక్క చిప్పు తేడాతో గెలిచారు. ప్రవీణ్‌కుమార్ మైకులో ఆ మాట రెండుసార్లు చెప్పాడు. ముసుగుల్లోనే ఒకరినొకరు కావలించుకున్నారు. ఎవరో రాజారావు చెయ్యి పట్టుకుని ఊపేశారు, "మూడో మిషను గెలిపించింది గురువుగారూ!" అన్నారు. చెయ్యి ఊపిన మనిషి ఎవరో కూడా అతను చూడలేదు.

మూడింటికి ప్రవీణ్‌కుమార్ తన గదికి పిలిపించాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, చెడ్డవాడు కాదు. బల్లమీద మిఠాయి పెట్టె, పక్కన నాలుగు పేజీల కాగితం. చెడిన చిప్పులకి కారణం ఏమిటి, ఏం చర్య తీసుకున్నారు అని కస్టమరుకి పంపాల్సిన కాగితం. కారణం అన్న గడిలో "శుభ్రపరిచే కార్మికురాలి పాదాలకున్న పసుపు" అని ఉంది. చర్య అన్న గడిలో "తొలగింపు" అని ఉంది. కింద మొదటి సంతకం ప్రవీణ్‌కుమార్‌ది. రెండోది ఖాళీ.

"నాకూ బాధగానే ఉంది రాజారావు గారూ. ఆరేళ్ళుగా చూస్తున్న మనిషి. కానీ వాళ్ళకి ఒక కారణం చూపించాలి కదా" అన్నాడు. పెన్ను ఇస్తూ, ఆగి, "రమ్యశ్రీకి ఒక అనుమానం. బూట్లు తొడుక్కున్నాక కాళ్ళ పసుపు మెషిను దాకా ఎలా పోతుంది అంటోంది. మీరు లోపల ఉండే మనిషి. మీకేమన్నా వేరేగా అనిపిస్తే ఇప్పుడే చెప్పండి. ఒకసారి పంపాక మార్చలేం" అన్నాడు.

దేవుడు ఇంతకంటే పెద్ద తలుపు తెరవడు. అడ్డం వచ్చినవాళ్ళు లేరు, ఫోను మోగలేదు. ప్రవీణ్‌కుమార్ నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు. రాజారావు మాటలు కూర్చుకున్నాడు: సార్, దసరాకి నేనే... అంతే, మూడు మాటలు. బయట ఈలలు వినిపిస్తున్నాయి. గెలిచిన రోజున, అందరూ ఎగురుతుంటే, గెలుపుని చెడగొట్టబోయింది నేనే అని చెప్పాలి. రేపటి నించి గడప దగ్గర నించే నవ్వులు మొదలవుతాయి.

"ఏం లేదు సార్" అన్నాడు.

సంతకం పెట్టాడు. ఎప్పటిలాగే గుండ్రంగా, కింద గీతతో పడింది. చెయ్యి వణకలేదు. కనీసం వణికినా బాగుండేదని తర్వాత అనుకున్నాడు. ప్రవీణ్‌కుమార్ మిఠాయి చేతిలో పెడితే తీసుకున్నాడు.

నాలుగింటికి మల్లవ్వ వచ్చింది. కార్డూ తాళంచెవీ అప్పగించి, ఇన్‌చార్జి సంతకం తీసుకుని పొమ్మన్నారు. బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. భవాని మిఠాయి పంచడానికి పోయింది. రాజారావు ముసుగు తీసేసి ఉన్నాడు. మొహం దాచుకోవడానికి ఏమీ లేదు.

ఆమె తలుపు దగ్గరే నిలబడింది. ముదురాకుపచ్చ చీర, చేతిలో ప్లాస్టిక్ సంచీ. శుక్రవారమే అయినా కాళ్ళకి పసుపు లేదు. పాదాలు ఎర్రగా, పొరలు లేచి ఉన్నాయి. ఎండలో కూర్చోవడం వల్ల అనుకున్నాడు.

"ఏడ పెడ్తవో పెట్టు సారు. జల్దీ పోవాలె, ఆటో పోతది" అంది.

కాగితం బల్లమీద పరిచి సంతకం పెట్టాడు. ఒక్కరోజులో రెండోది. తాళంచెవి ఆమె బల్లమీద ఉంచింది.

"మల్లవ్వా, పంపుల కంపెనీలో నాకు తెలిసినవాళ్ళున్నారు. వాళ్ళతో మాట్లాడతాను. ఆ ఏర్పాటు..."

"మూడో మిషను ఎన్క బొట్టు నువ్వే పెట్టినవ్ గద సారు" అంది మల్లవ్వ.

గట్టిగా అనలేదు. సూటు సైజు చెప్పినట్టే చెప్పింది.

"దసర నాడు నువ్వు ఇడిసిన గ్లౌజుల పసుపు ఉండె. ఇడిసిన గ్లౌజులేసే డబ్బ నేనే గద ఖాళీ జేసేది. తెల్లారి నేల తుడ్సుకుంట మిషను ఎన్క గూడ సూసిన. తుడుద్దామని గుడ్డ పట్టిన. మంచికే పెట్టిండు సారు, దేవుని బొట్టు ఎట్ల తుడుస్త అని ఇడిసిపెట్టిన. గప్పుడే తుడిస్తే అయిపోవు. నాది గూడ తప్పే."

"మరి... ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"నేనేం జెప్పాలె? నువ్వు జెప్తవని సూసిన." ఆమె సంచీని ఈ చేతినించి ఆ చేతికి మార్చుకుంది. "మంగళారం సూసిన. నిన్న బేస్తారం దాంక సూసిన. వస్తడు, గేటు కాడ నిలవడ్తడు, గిట్లయింది మల్లవ్వ అంటడు అనుకున్న. నువ్వు ఎన్క గేటుకెల్లి పోతున్నవని వాచ్‌మన్ జెప్పిండు. ఇగ జెప్పడు అని గప్పుడు సమజైంది."

"నేను ఇప్పుడే వెళ్ళి చెప్తాను. ఇప్పుడే..." అంటూ లేచాడు.

"ఇప్పుడేం జెప్తవ్ సారు? మిఠాయిలు పంచుతున్నరు గద."

అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తను ఆగుతాడని ఆమెకి తెలుసు. ఆగాడని అతనికీ తెలిసింది.

"కొలువు పోతే పాయె, రెండు గదులు కిరాయికిచ్చిన, బతుకుత. గని మల్లవ్వ కాళ్ళు గలీజు అని కాయితంల రాసిండ్రంట. దేశాలు తిరుగుతదంట గా కాయితం. గదే కడుపుల కలుక్కుమంటుంది" అంది. కళ్ళు తుడుచుకోలేదు, కళ్ళలో నీళ్ళు లేవు. "పోయొస్త సారు. పానం మంచిగ సూస్కో" అని, అలవాటు కొద్దీ బల్లమీద నలిగి ఉన్న అతని ముసుగు తీసి మడతపెట్టి, వెళ్ళిపోయింది.

తలుపు దానంతట అదే మూసుకుంది. రాజారావు మళ్ళీ బల్లమీద కూర్చున్నాడు. ప్రవీణ్‌కుమార్ గది పాతిక అడుగుల దూరం. అటు వెళ్ళలేదు. షిఫ్టు దిగే బెల్లు మోగాక లేచి, బండి వెనక గేటు దగ్గరే వదిలి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మెయిన్ గేటుకేసి నడిచాడు. అక్కడ ఆమె ఇంకా ఉంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. కాళ్ళు పట్టుకోవాలనే ఉంది. పట్టుకోగలడా అన్నది వేరే సంగతి.

సిమెంటు బల్ల ఖాళీగా ఉంది. రోడ్డుమీద షేరు ఆటోలు నిండుగా పోతున్నాయి, నీలం చొక్కాలూ బూడిద చొక్కాలూ కలిసే వేలాడుతున్నాయి. బల్ల పక్కన డ్రైవర్లు చేతులు కడుక్కునే నల్లా, కింద చిన్న గట్టు.

"అవ్వ ఎప్పుడో పోయింది సారు" అన్నాడు వాచ్‌మన్, అడక్కుండానే. "నాలుగు దినాల సంది గా నల్లా కాడనే కూసునేది. రుద్దుడే రుద్దుడు. తోలు లేస్తుంది, ఇడ్సిపెట్టవే అంటే ఇనకపోయేది. పిలిచినప్పుడు కాళ్ళు సూపియ్యాలె గదరా అనేది. ఎవరు పిలిచిండ్రు!"

రాజారావు వంగి చూశాడు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. గట్టు అంచున అరచేతిలో పట్టేంత ఇటుక ముక్క, ఒక పక్క నున్నగా అరిగిపోయి, నల్లా చుక్కలకి ఇంకా తడి ఆరకుండా ఉంది.